అనుపల్లవిని కోసేయకండి

సభకు నమస్కారం. పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలి గానీ, పిల్లలు యూనిఫారాల్లో ఎండలో నిలబడ్డారు. నేరుగా విషయానికొస్తాను.

బ్యాండుకూ మన సంగీతానికీ చుట్టరికం పాతదే. రెండు శతాబ్దాల కిందటే ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘సంతతం పాహి మాం’ ఇంగ్లీషువాళ్ల రాజగీతం ‘గాడ్ సేవ్ ది కింగ్’ బాణీయే. ఇవాళ మేం త్యాగయ్యగారి ‘స్వరరాగ సుధారస’ను బ్యాండుకు రాసుకొచ్చాం. రాగం శంకరాభరణం, తాళం ఆది.

రాయడమంటే స్వరాలు ఒక కాగితం మీద పెట్టి అందరికీ జిరాక్స్ ఇవ్వడం కాదండీ. అదే కాగితం చూసి ఊదితే క్లారినెట్ షడ్జమం, అంటే ‘స’, పలికే చోట ఆల్టో శాక్సఫోన్ మధ్యమం, అంటే ‘మ’, పలుకుతుంది. అందుకే ఏ వాద్యానికి ఆ కాగితం విడిగా రాయాలి. పాట కింద కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, పేర్చలేదు; పేరిస్తే రాగం నలిగిపోతుంది. రెండు ట్యూబాలు, ఆ పెద్ద ఇత్తడి బూరలు, షడ్జమం పట్టుకుంటాయి, ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు వదలరు. గాంధారం, అంటే ‘గ’, దగ్గర క్లారినెట్ పిల్లల వేళ్లు చూడండి. రంధ్రం మీద నుంచి వేలు ఒక్కసారిగా ఎత్తరు, మెల్లగా జరుపుతారు. స్వరాన్ని ఊపే గమకం అక్కడుంది. పెద్ద డ్రమ్ము సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద మాత్రమే.

ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది గానీ, ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పోయినేడు ఒక సభలో పల్లవి అవుతుండగానే నిర్వాహకులొకరు వచ్చి, “మాస్టారూ, చాలు, ముఖ్య అతిథి వచ్చేశారు” అన్నారు. ఆపేశాం. అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. పల్లవి క్లారినెట్లది. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవిలో, పాట పైషడ్జమానికి ఎక్కేచోట అందుకుంటాయి. అంతవరకూ ఆ పిల్లలు తాళం లెక్కపెట్టుకుంటూ నిలబడతారు. అనుపల్లవి కోసేస్తే వాళ్లు ఒక్క స్వరమైనా ఊదకుండా స్టేజీ దిగిపోవాలి. ఆరోజు దిగిపోయారు. అమ్మానాన్నలు ముందు వరసలోనే ఉన్నారు. గాత్ర కచేరీలో ఎవరినైనా పల్లవితో ఆపమంటారా? బ్యాండును మాత్రం ఎందుకు ఆపమంటారు? ఊరేగింపులో వాయించేవాళ్లకు కృతి మొత్తం ఎందుకనా? వాళ్లూ సాధన చేసినవాళ్లే, వాళ్లదీ సంగీతమే!

ఇప్పుడు చరణం దాకా మొత్తం వాయిస్తారు. మంత్రిగారు వచ్చినా, ఎవరొచ్చినా, ఆ శాలువాలు చివర్లో కప్పండి. ట్రంపెట్లూ, రెడీనా? మాస్టారి చెయ్యి చూడండి.