ఫ్రీ డిష్‌లో సైన్స్, ఆరోగ్యం, ప్రకృతి ప్రోగ్రాములు | మన శ్రీకాకుళం, విజయనగరంలో ఏవి పనికొస్తాయి?

నమస్తే అండీ. నెలనెలా ఒక్క రూపాయి కట్టకుండా ఇంటికొచ్చే చదువు ఛానళ్ల మీద ఈరోజు రివ్యూ. పీఎం ఈ-విద్య, స్వయంప్రభ, వాటితోపాటు ఆరోగ్యం ఫోన్-ఇన్‌లు, అప్పుడప్పుడు తగిలే జంతువుల డాక్యుమెంటరీలు. మార్కులు ఎలా వేస్తామంటే, టీవీ కట్టేశాక అందులో చెప్పినది సోంపేటలోనో బొబ్బిలిలోనో మీ పెరట్లో చేస్తే అవ్వాలి. కొలతలు చెప్పి ఉండాలి. ఎక్కడ చెడుతుందో చూపించి ఉండాలి. ఆ రెండూ లేకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇక్కడ మార్కులు పడవు.

ముందు బొమ్మ రావాలి కదా. ఈ ఛానళ్లు రావట్లేదన్న ఇళ్లలో చాలావాటికి తప్పు ఛానల్‌ది కాదు, డిష్‌ది.

[తెర మీద: దక్షిణం నుంచి తూర్పుకి 28°, ఎత్తు 66°]

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శ్రీకాకుళం టౌన్ నుంచి లెక్కేస్తే, సూటిగా దక్షిణానికి తిరిగి అక్కణ్ణుంచి తూర్పు వైపు 28 డిగ్రీలు జరగాలి. విజయనగరంలో దాదాపు 30. ఎత్తు, అంటే నేల మట్టం నుంచి పైకి చూసే కోణం, రెండు చోట్లా 66 డిగ్రీలే. పక్కింటి టాటా ప్లే డిష్ చూసి అదే వైపు పెడితే ఎప్పటికీ రాదు. దాని శాటిలైట్ 83 డిగ్రీల దగ్గర, అంటే మనకి దాదాపు నిట్టనిలువు దక్షిణాన ఉంది. ఇంకోటేటంటే, 66 డిగ్రీలన్నారు కదా అని డిష్‌ని వెల్లకిలా పడుకోబెట్టేస్తారు. మనం వాడేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, వాటి తయారీలోనే సుమారు 24 డిగ్రీలు కలిసి ఉంటాయి. కంటికి డిష్ నిలువు నుంచి 42 డిగ్రీలే వాలినట్టు కనబడాలి. ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టుకునే ముక్కని కూడా, దాని పట్టీలో సుమారు 27 డిగ్రీలు తిప్పాలి. చాలామంది ఈ మూడోది వదిలేస్తారు, అందుకే సగం ఛానళ్లే దొరుకుతాయి.

బాక్సులో రెండు గీతలు కనబడతాయి, స్ట్రెంగ్త్, క్వాలిటీ. స్ట్రెంగ్త్ నిండుగా ఉందని మురిసిపోకండి. వైరు, ఎల్‌ఎన్‌బీ బాగుంటే డిష్ ఎటు తిరిగి ఉన్నా అది లేస్తుంది. చూడాల్సింది క్వాలిటీ. డిష్‌ని పిసరంత తిప్పి, బాక్సు చదువుకునేదాకా నాలుగైదు సెకన్లు ఆగి, మళ్లీ పిసరంత తిప్పాలి. గబగబా తిప్పేస్తే సిగ్నల్ మీదుగా దాటిపోతారు.

ఉద్దానం వైపు కొబ్బరిచెట్ల గొడవ ఒకటి. డిష్ కంటే 10 మీటర్లు ఎత్తున్న చెట్టు, డిష్ చూసే దిక్కున నాలుగున్నర మీటర్ల లోపు ఉంటేనే అడ్డం. మట్టలు బయటికి చాచుకుని ఉంటాయి కాబట్టి ఇంకో మూడు మీటర్లు కలుపుకోండి. ఆపైన ఉన్న చెట్టుని కొట్టాల్సిన పనిలేదు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్‌లో రాగి తీగ పచ్చగా మారిపోతుంది. ఏడాదికోసారి ఆ చివర రెండు అంగుళాలు కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, రబ్బరు టేపు చుట్టండి. వైరు గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలండి, వాననీళ్లు అక్కడే కారిపోతాయి. గట్టివానలో బొమ్మ ఆగిపోవడం మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు, ఆ తరంగాల్ని వాన మింగేస్తుంది. పాత ఎంపెగ్-2 బాక్సులో అన్ని ఛానళ్లూ రావు, ఎంపెగ్-4 బాక్సు తీసుకోండి. ఛానల్ నంబర్లు మారుతుంటాయి, పేరు చూసి వెతకండి.

సరే, ప్రోగ్రాముల్లోకి వద్దాం.

స్వయంప్రభ 2017లో మొదలైంది. రోజుకి కనీసం 4 గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే మరో 5 సార్లు తిప్పుతారు. పొద్దున్న కరెంటు పోయి పాఠం తప్పిపోతే కంగారు లేదు, 4 గంటలాగితే మళ్లీ వస్తుంది. ఎక్కువ భాగం ఇంగ్లీషు, ఎక్కువ భాగం కాలేజీ స్థాయి. ఇంట్లో గుంటలకి కావలసింది 2020లో వచ్చిన పీఎం ఈ-విద్య. అక్కడ పాఠం బడి పుస్తకం వెంటే నడుస్తుంది, పరీక్షకి మంచిది. తేడా ఎక్కడొస్తుందంటే, ప్రయోగం చేసి చూపించాల్సిన చోట స్లైడ్ చదివేసే పాఠాలు అందులో తక్కువేం కాదు.

నీడల పాఠమే తీసుకోండి. ఈ కోవలో కొలబద్ద ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ టీవీ సీరీస్ 'కాస్మాస్'. 1980లో వచ్చింది, 13 భాగాలు. మొదటి భాగంలోనే పాతకాలం గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ రెండు ఊళ్లలో పడే నీడలు పోల్చి భూమి చుట్టుకొలత ఎలా తీశాడో చూపిస్తాడు. మన టీవీ పాఠాల్లో అదే కథని ఒక బొమ్మ వేసి, "మధ్యాహ్నం 12 గంటలకి కర్ర పాతి చూడండి" అని ముగించేస్తారు. ఆ మాట నమ్మి మే నెలలో శ్రీకాకుళంలో 12కి చూస్తే ప్రయోగం చెడుతుంది. ఎందుకో చూడండి.

[తెర మీద: శ్రీకాకుళం 18.3° ఉత్తరం, 83.9° తూర్పు]

మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. మనం దానికి తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు మనకి ఐదారు నిమిషాలు ముందే నడినెత్తికొస్తాడు. మే మధ్యలో భూమి కక్ష్య, వాలు వల్ల ఇంకో మూడున్నర నిమిషాల పైచిలుకు ముందుకి జరుగుతుంది. మొత్తం మీద మే 12, 13 తేదీల ప్రాంతంలో, 11 గంటల 51 నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకి నీడ ఉండదు. 12 దాకా ఆగితే మీటరు కర్రకి 4 సెంటీమీటర్ల నీడ వచ్చేసి ఉంటుంది. పిల్లలు పాఠం తప్పనుకుంటారు. నీడ లేని రోజు జూలై 30 ప్రాంతంలో మళ్లీ వస్తుంది గానీ అప్పుడు మబ్బుల్ని దాటి సూర్యుడు కనబడడం మన అదృష్టం.

పూర్తిగా చెయ్యాలంటే ఇలా. మీటరు పొడుగు పీవీసీ పైపు తీసుకోండి. దారానికి బోల్టు కట్టి రెండు వైపుల నుంచీ నిలువు సరిచూడండి. పళ్లెంలో నీళ్లు పోసి నేల మట్టం చూడండి. చెన్నైలో పనిచేసే మన జిల్లా వాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు, వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి అదే రోజు, వాళ్ల నడిపొద్దున, అంటే 12 గంటల 5 నిమిషాలకి, మీటరు కర్ర నీడ కొలవమనండి. దక్షిణం వైపు 9 సెంటీమీటర్లు రావాలి. అంటే 5.2 డిగ్రీలు, మనకీ చెన్నైకీ మధ్య భూమి వంపు అంతన్నమాట. వృత్తంలో అలాంటి ముక్కలు సుమారు 69. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం 578 కిలోమీటర్లు. గుణిస్తే దగ్గర దగ్గర 40,000 కిలోమీటర్లు, అదే భూమి చుట్టుకొలత. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, రైలు దూరం వేసేస్తారు. రైలు నేరుగా దక్షిణానికి పోదు, భూమి పెద్దదైపోతుంది. రెండు, పైపు ఒక్క డిగ్రీ వాలినా నీడలో 1.7 సెంటీమీటర్లు తేడా. తొమ్మిదిలో అది ఐదో వంతు.

అరసవల్లి గురించి కూడా ఒక మాట. మార్చి 9, 10, 11, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. టీవీలో ప్రతిసారీ "ఉత్తరాయణం నుంచి దక్షిణాయనానికి మారే సమయం" అంటారు. అయనం మారేది జూన్, డిసెంబరుల్లో కదండీ. ఈ రెండు సార్లూ సూర్యుడు భూమధ్యరేఖకి సుమారు 4 డిగ్రీల దక్షిణాన ఉంటాడు, మార్చిలో పైకి వస్తూ, అక్టోబరులో కిందికి వెళ్తూ. ఉదయించే చోటు ఒకటే, కాబట్టి కిరణం అదే దారిలో గుడిలోకి వస్తుంది. గుడి కట్టినవాళ్లకి తెలిసిన ఈ లెక్క మన సైన్స్ ప్రోగ్రాముల్లో అరగంట పాఠంగా ఎందుకు రాదో అర్థం కాదు.

ఇప్పుడు ఆరోగ్యం. మార్కులు అన్నిటికంటే కటువుగా వెయ్యాల్సింది ఇక్కడే, ఎందుకంటే తప్పు చెబితే మనిషికి తగులుతుంది.

విరేచనాల మీద ప్రోగ్రాము వస్తే ఒక్కటి గమనించండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పారా? 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డ ఒంట్లో సోడియం పెరిగిపోతుంది. పలచన చేస్తే పని చెయ్యదు. చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వెనక రాసిన నీటి కొలత చదవండి. ఇంట్లో ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, అంచుకి గీసి, గుట్టగా కాదు. రెండేళ్ల లోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు పిల్లలకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచా చెంచాగా మళ్లీ పట్టాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబొయ్యాలి. పంచదార రుచికి కాదు, పేగులో సోడియం లోపలికి పోవాలంటే గ్లూకోజ్ తోడు కావాలి, ఆ రెంటి వెంట నీళ్లు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోతుంటే ఈ నీళ్లతోనే కలరా రోగుల్ని నిలబెట్టారు. ఈ కొలతలేవీ చెప్పకుండా "ద్రవాలు ఎక్కువ తీసుకోండి" అనే డాక్టరుగారి ఇంటర్వ్యూకి పదికి రెండు.

కిడ్నీల ప్రోగ్రాములు మన దగ్గర అందరూ చూస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదే అని ఒక్కదాన్ని పట్టుకుని తేల్చేసే ప్రోగ్రామైతే అక్కడే అనుమానించండి, కారణం ఇంకా తేలలేదు. మంచి ప్రోగ్రాము రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలు రెండూ చేయించమంటుంది. ఒక్క రిపోర్టు చూసి భయపెట్టదు. తేడా మూడు నెలలు నిలబడితేనే దీర్ఘకాలిక జబ్బు అంటారని చెబుతుంది. ఒళ్లునొప్పులకి రోజూ మింగే నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయని గట్టిగా చెబుతుంది, జీడితోటల్లో, పొలాల్లో పనిచేసే వాళ్లకి కావలసింది ఆ మాటే. చివర్లో ఫోన్ నంబరు వేసి చక్కెర వ్యాధినో క్యాన్సర్‌నో నయం చేసే పొడి అమ్మితే అది ప్రోగ్రాము కాదు, ప్రకటన. అలాంటి ప్రకటనల్ని 1954 నాటి చట్టమే వద్దంది. పాముకాటుకి తాడు బిగించి కట్టమనో, కోసి రక్తం పిండమనో చూపిస్తే ఛానల్ మార్చేయండి. కాలు కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడమే పని.

ప్రకృతి డాక్యుమెంటరీలు త్వరగా చెప్పేస్తాను. ఫొటోగ్రఫీకి వంక పెట్టలేం. శబ్దాల్లో చాలా భాగం తర్వాత స్టూడియోలో కలిపినవి, అది గుర్తుంచుకుని చూడండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లంటే ఒడిశా తీరంలో లక్షల్లో ఒకేసారి గుడ్లు పెట్టే దృశ్యమే చూపిస్తారు. మన తీరంలో అవి ఒంటరిగా, అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి. గుంతలో వంద పైచిలుకు గుడ్లు, 45 నుంచి 60 రోజులు. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగవి. పెట్టి కొన్ని గంటలు గడిచిన గుడ్డుని తిరగేస్తే లోపల పిండం చనిపోతుంది, కాబట్టి గుంత కనబడితే తవ్వకుండా అటవీశాఖకి చెప్పండి. తేలుకుంచిలో వానాకాలం దిగే నత్తగుల్ల కొంగల ముక్కు మధ్యలో సందు ఎందుకుందో, తేలినీలాపురం గూడబాతులు ఏం తింటాయో చెప్పే తెలుగు ప్రోగ్రాము దొరికితే పదికి తొమ్మిది ఇచ్చేయొచ్చు.

దొరికినప్పుడు దాచుకోండి. యూఎస్‌బీ ఉన్న ఎంపెగ్-4 బాక్సుల్లో చాలావాటికి రికార్డింగ్ ఉంటుంది. 2 మెగాబిట్ల ప్రసారమైతే అరగంటకి సుమారు 450 ఎంబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు, కాబట్టి రాత్రంతా ఒకే రికార్డింగ్ పెట్టకుండా ముక్కలుగా పెట్టండి. కొన్ని బాక్సుల రికార్డింగ్ ఆ బాక్సులోనే ఆడుతుంది. బడిలో చూపించాలనుకునే మాస్టార్లు పెన్‌డ్రైవ్‌తోపాటు బాక్సు కూడా పట్టుకెళ్లాలి.