కందిరీగ పడనివాళ్లు ఇంట్లో కందిరీగ పట్టుని ఎలా తీయించుకోవాలి? (కుడితే ముందు ఏం చేయాలి?)

నమస్తే అండీ. వాయిస్ వస్తందా? చిన్నా, వస్తందా? ఆ, సరే. నేను మెష్ తలుపు లోపల నిలబడి మాట్లాడతన్నా, మా తమ్ముడు చిన్నా బయట ఫోన్ పట్టుకున్నాడు. అందుకే నా మొహం మీద గళ్లు గళ్లుగా కనపడతంది. ఏమనుకోకండి. ఈ వీడియోలో నేను బయటికి రాను. ఎందుకు రానో చెప్పడానికే ఈ వీడియో.

నాకు కందిరీగ పడదండి. కొంతమందికి వంకాయ పడదు, కొంతమందికి రొయ్యలు పడవు, నాకు కందిరీగ పడదు. కుట్టినచోట వాపు, మంట, రెండ్రోజులు దురద... అది అందరికీ ఉండేదే, దానికి భయపడక్కర్లేదు. నాకేంటంటే చేతి మీద కుడితే పెదాలు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేస్తది. కుట్టింది ఒకచోట, తేడా ఇంకోచోట. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. మీకూ ఇలా ఎప్పుడైనా అయ్యుంటే ఈ వీడియో మీకే.

అదిగో పట్టు. చిన్నా, సన్‌షేడ్ కింద... జూమ్ చెయ్. దగ్గరికి పోవద్దు, అక్కణ్నించే జూమ్. చూశారా, చిన్న గొడుగు తిరగేసినట్టు, కింద గళ్లు కనపడతన్నాయి. ఇది మామూలు కందిరీగ. నడుం సన్నంగా, ఎర్రగా గోధుమరంగులో ఉంటది. చెక్కపీచు నమిలి, లాలాజలం కలిపి కాగితంలా చేసి కడతాయి దీన్ని. చూడటానికి నిచ్చెనెక్కొద్దు, సెల్ఫీ స్టిక్కులు పెట్టొద్దు. ఫోన్ జూమ్ చాలు. నేను ఆదివారం ఆదివారం కిటికీలో నుంచే ఇల్లు మొత్తం అలా చూసుకుంటా. సన్‌షేడ్లు, వెంటిలేటర్లు, ఏసీ బయటి యూనిట్ వెనకాల, మోటార్ స్విచ్ బాక్స్, కర్టెన్ మడతలు. మన గుంటూరు ఎండలకి కూలర్ కూడా చూడండి. వేసవిలో తడి గడ్డి మీద నీళ్లకోసం వాలతాయి, పట్టు చల్లబరుచుకోడానికి నీళ్లు మోసుకెళ్తాయి అవి. మనం కూలర్ ముందు కూర్చుంటాం, అవి కూలర్ వెనక కూర్చుంటాయి.

ఇంకోటి. గోడ మీద మట్టి ముద్దలా ఉండే గూడు కనపడిందనుకోండి, అది కుమ్మరి పురుగు. దాన్ని చూసి కంగారుపడకండి. అది ఒంటరిది, గూడు కోసం మనమీద గుంపుగా పడదు, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. మా అమ్మమ్మ అయితే అది గూడు కడితే ఇంట్లో ఎవరో నీళ్లోసుకుంటారని అసలు తీయనిచ్చేది కాదు. భ్రమరకీటక న్యాయం అంటారే, పురుగుని తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మంటే ఆ పురుగే భ్రమరం అయిపోద్దని, అది దీన్ని చూసి చెప్పిందేనేమో అనిపిస్తది నాకు. నిజానికి ఆ పురుగుని కుట్టి, కదలకుండా చేసి, పిల్లకి మేతగా పెట్టి మూసేస్తది. లోపలిది తినేసి పిల్ల బయటికొస్తది. సరే, ఎటో పోయా.

మూడోది, పెద్దది. నల్లగా, లావుగా, పొట్ట మీద పసుపు పట్టీ. దాని పట్టు గళ్లు బయటికి కనపడకుండా మూసేసి ఉంటది. అది మీ ఇంట్లోవాళ్లెవరూ ముట్టుకోవద్దు, పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవండి. మా పక్కింట్లో 1500 తీసుకున్నారు. తేనెపట్టు అయితే చంపకండి, తేనె తీసేవాళ్లని పిలవండి.

ఇప్పుడు ఈ చిన్న పట్టు. దీన్ని ఎవరు తీస్తారు? నేను కాదు. మొదటి రూలు అదే. పడనివాళ్లు ఆ టైములో ఇంట్లో కూడా ఉండకపోతే మంచిది. నేను మా వదిన వాళ్లింటికి వెళ్లిపోతా. చిన్నాకి అలర్జీ లేదు, వాడే తీస్తాడు. పట్టు రూపాయి బిళ్లంత ఉన్నప్పుడే చూస్తే చీకటి పడ్డాక బూజు కర్రతో ఒక్క తోపు, అయిపోద్ది. ఇది అరచేయంత అయింది కాబట్టి సబ్బు నీళ్లు.

లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ మూడు చెంచాలు. మొక్కలకి కొట్టే చేతి పంపులో పొయ్యండి. మూతి తిప్పి తుంపర కాకుండా ధారగా పెట్టుకోండి. ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సు, తలకి తువ్వాలు. చీకటి పడ్డాక, అన్నీ పట్టు మీదకి చేరాక కొట్టాలి. టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టండి, ఎరుపు వాటికి సరిగ్గా కనపడదు. పట్టుకి సరిగ్గా కింద నిలబడొద్దు, పక్కగా. ఏసీ దగ్గరైతే మెయిన్ ఆపేయండి. ధార ఆపకుండా కొట్టండి, ఆ సబ్బు నీళ్లకి వాటికి ఊపిరాడదు, పడిపోతాయి. పొద్దున కదలిక లేకపోతే బూజు కర్రతో తోసేసి కవర్లో కట్టెయ్యడమే. కింద పడ్డవాటిని చెప్పుల్లేకుండా తొక్కకండి. బయట ఉండిపోయినవి ఒకటీ అరా రెండ్రోజులు అక్కడే తిరుగుతాయి, పోతాయి.

కిరోసిన్ గుడ్డ కర్రకి కట్టి కాల్చేది మాత్రం వద్దు. సబ్బు నీళ్లు కొట్టేది కూడా పొద్దున్నే వద్దు, మధ్యాహ్నం వద్దు. ఒకదాన్ని చంపితే దాన్నుంచి వచ్చే వాసనకి మిగతావి రేగుతాయి. మీద వాలితే కొట్టకండి, మెల్లగా జరగండి.

చిన్నా, లోపలికి రా. తలుపెయ్, తలుపెయ్. ఇప్పుడు అసలుది. ఇది కొంచెం నిదానంగా చెప్తా.

రెండేళ్ల కిందట, రోహిణి కార్తె. మేడ మీద ఆరేసిన తువ్వాలు తీసి భుజానేసుకున్నా. మడతలో ఉందది. మెడ దగ్గర రెండుసార్లు కుట్టింది. కందిరీగ ముల్లు వదలదండి, తేనెటీగ వదిలేస్తది. తేనెటీగ కుట్టి ఒంట్లో ముల్లుంటే వెంటనే గోటితో గీకెయ్యండి. కందిరీగ వదలదు, అందుకే మళ్లీ మళ్లీ కుట్టగలదు. మా అత్తయ్య సున్నం రాసింది. నేను సెట్రిజిన్ అని అలర్జీ మాత్ర వేసుకుని, తగ్గిపోద్దిలే అని కూర్చున్నా. ఇక్కడే నేను చేసిన తప్పు. ఆ మాత్ర దద్దుర్లకీ దురదకీ పనికొస్తది. గొంతు వాపుకీ, పడిపోయే బీపీకీ అది చాలదు. అవిల్ అనే అలర్జీ ఇంజెక్షనైనా అంతే. దానికి మందు అడ్రినలిన్. అడ్రినలిన్ ముందు, మిగతావన్నీ తర్వాత.

కూర్చున్నానా, పదిహేను నిమిషాల్లో పెదాలు మొద్దుబారాయి, వాంతి. ఆటో ఎక్కించారు. హాస్పిటల్ ముందు ఆపారు, నేను బాగానే ఉన్నా, నడుస్తా అన్నా. మూడు మెట్లెక్కా. కళ్లు చీకట్లు కమ్మి పడిపోయా. తర్వాత డాక్టరుగారు చెప్పారు, అమ్మా, నువ్వు లేచి నిలబడటమే తప్పు అని. బీపీ పడిపోయినప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోద్ది, నిలబడితే గుండెకి తిరిగొచ్చేది ఇంకా తగ్గిపోద్ది. ఆ ఒక్క లేవడంతో ప్రాణం పోయినవాళ్లున్నారంట.

చూపిస్తా. ఇదిగో, నేలమీద పడుకుంటన్నా. కాళ్ల కింద దిండ్లు, రెండు. ఇలా. బాగుందనిపించినా లెయ్యొద్దు, బాత్రూమ్‌కి కూడా లెయ్యొద్దు. ఊపిరి ఆడట్లేదంటే కూర్చోబెట్టండి, కాళ్లు మాత్రం ఇలా నేలమీదే చాపి, మంచం మీంచి వేలాడేయొద్దు. వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. గర్భిణి అయితే ఎడమ పక్కకి. స్ట్రెచర్ మీదే ఎక్కించమనండి, నడిపించొద్దు. మళ్లీ చెప్తన్నా, నడిపించొద్దు.

పడుకునే చెప్తా మిగతాది. 108కి ఫోన్. కందిరీగ కుట్టింది, గాలి ఆడట్లేదు, ఈ రెండూ ముందు చెప్పండి. అడ్రసు తర్వాత. మా బ్రాడీపేటలో సుఖం, లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెప్తే వచ్చేస్తారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసి పెట్టుకోండి. మాట రాకపోయినా వేలు పనిచేస్తది.

ఇదిగో నా అడ్రినలిన్ డబ్బా. బయటి దేశాల్లో పెన్నులా నొక్కుకునే ఇంజెక్షన్లుంటాయి, మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకవు. నా డాక్టరుగారు ఆంప్యూల్, అంటే మందుండే చిన్న గాజు సీసా, సిరంజి రాసిచ్చి, చిన్నాకీ మా ఆయనకీ నేర్పించారు. తొడకి బయటివైపు, మధ్యలో, కండలోకి. ఎంత ఎక్కించాలో మీ బరువు చూసి మీ డాక్టరే చెప్పాలి, నన్నడగొద్దు. తగ్గకపోతే ఐదు నుంచి పదిహేను నిమిషాల తర్వాత రెండోది వెయ్యాల్సి రావచ్చు, అందుకే రెండు పెట్టుకుంటా. తగ్గినా హాస్పిటల్‌కి పోవాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకి అడ్రినలిన్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మానెయ్యొద్దు.

ఇంకోటి, దీన్ని స్కూటీ డిక్కీలో పెట్టకండి. మే నెలలో డిక్కీ అంటే పొయ్యే. ఫ్రీజర్లోనూ వద్దు. వెలుతురు తగలకుండా చల్లటి అల్మరాలో. మందు నీళ్లలా తేటగా ఉండాలి, గులాబీగానో గోధుమరంగుగానో మారితే పారేయాలి. ఎక్స్‌పైరీ కూడా... చిన్నా, దీని మీద చూడు, నాకు పడుకుని కనపడట్లా. ఏ నెల? ఈ నెలేనా? సరిగ్గా చూడు. రెండూనా?

అయితే కెమెరా ఆపెయ్. చీటీ నా పర్సులో ఉంది, వెళ్లి కొత్తవి తీసుకురా. అవి ఇంటికొచ్చేదాకా ఆ పట్టు జోలికి పోవద్దు.