దొంగతనానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో

శ్రోతలందరికీ నమస్కారం.

బస్సులో ఎవరో జేబు కొట్టేశారు. ఇంగ్లీషులో ఫిర్యాదు రాయమంటే మనలో చాలామంది ‘మై పర్స్ వాజ్ రాబ్డ్’ అని రాసేస్తాం. అది సరికాదు. పోయిన వస్తువుకు ‘స్టీల్’ వాడాలి, పోగొట్టుకున్న మనిషికి ‘రాబ్’ వాడాలి. బ్యాంకును రాబ్ చేస్తారు, అందులోని డబ్బును స్టీల్ చేస్తారు. తెలుగులో ‘ఊరిని దోచుకున్నారు’ అంటాం, ‘నగలు దోచుకున్నారు’ అనీ అంటాం. రెండుచోట్లా ఒకే మాట సరిపోతుంది కాబట్టే ఇంగ్లీషులో తడబడతాం. ఇక ‘థెఫ్టెడ్’ అని కొందరు రాస్తుంటారు, అలాంటి మాటే లేదు.

పర్సు విషయంలో అంతకంటే పెద్ద తేడా ఇంకొకటుంది. మీకు తెలియకుండా లాగేస్తే అది ‘థెఫ్ట్’. కొట్టిగానీ, కత్తి చూపించిగానీ, కదలకుండా అడ్డగించిగానీ లాక్కుంటే ‘రాబరీ’. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి ఈ రెంటినీ విడదీసింది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితా అలాగే ఉంచింది. మామూలు థెఫ్ట్‌కు 3 ఏళ్ల వరకు జైలు, రాబరీకి 10 ఏళ్ల వరకు. అదే రాబరీ పొద్దుగూకాక, తెల్లవారేలోపు హైవే మీద జరిగితే 14 ఏళ్ల దాకా పడొచ్చు. ఒక్క మాట మారితే శిక్ష ఎంత మారిందో చూడండి!

ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి రాబరీ చేస్తే ‘డెకాయిటీ’. ఇది మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్లిన మాట, హిందీ డకైత్ దీనికి మూలం. నలుగురే ఉంటే ఎంత బీభత్సం చేసినా అది రాబరీయే.

పేపర్లలో కనిపించే ‘బర్గ్లరీ’ అంటే దొంగతనం కోసం ఇంట్లోకి చొరబడటం. మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్న మాట ‘హౌస్ బ్రేకింగ్’.

మరి బైకు మీద వచ్చి పుస్తెలతాడు తెంపుకుపోయేవాళ్ల సంగతి? దానికి కొత్త సంహితలో ‘స్నాచింగ్’ పేరుతో విడిగా 304వ సెక్షన్ పెట్టారు. గొలుసు కోసం ఆమెను కొట్టి గాయపరిస్తే మాత్రం అది రాబరీ.

ఫిర్యాదు తెలుగులోనే రాసినా సరే, ఎంతమంది వచ్చారు, ఏం చూపించి బెదిరించారు, దెబ్బలేమైనా తగిలాయా అన్నవి వదిలిపెట్టకండి. పోలీసులు ఏ సెక్షన్ పెట్టాలన్నది వాటిని బట్టే తేలుతుంది.