గాలం మింగిన కుక్క: అన్నవాహికకు కండరపు అతుకు వేసే పద్ధతి

నమస్కారం. కోనసీమలో పనిచేసే పశువైద్యులకు ఈ కేసు కొత్తది కాదు. కాలువగట్టున ఎర గుచ్చి ఉంచిన గాలాన్ని కుక్క మింగేస్తుంది. యజమాని కంగారులో దారం పట్టి లాగుతాడు, కొక్కెం మరింత లోతుగా దిగుతుంది. దయచేసి ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పండి: దారం లాగవద్దు, కత్తిరించవద్దు, మెడపట్టీకి కట్టి తీసుకురావాలి.

ఎండోస్కోపుతో (నోట్లోంచి దించే కెమెరా గొట్టంతో) కొక్కెం బయటికి వస్తే అంతకన్నా కావలసింది లేదు. అన్నవాహిక గోడకు చిల్లు పడితేనో, నల్లబడితేనో కత్తి పట్టాలి.

మెడలో అన్నవాహిక శ్వాసనాళానికి ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది. నోట్లోంచి జాగ్రత్తగా కడుపు ట్యూబు దించితే వేలికి చోటు తెలుస్తుంది. మెడ అడుగున నడిమధ్య కోసి, శ్వాసనాళాన్ని కుడికి జరపండి. దాని పక్కన తెల్లటి సన్న దారంలాంటి నరం స్వరపేటికకు వెళ్తుంది. దానిని కాపాడండి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను. చిల్లు అంచు బూడిదరంగులో ఉంది, చూశారా? ఎర్రగా రక్తం చెమర్చేవరకు దాన్ని కత్తిరించాలి. తర్వాత రెండు వరుసల కుట్లు, మెల్లగా కరిగిపోయే 4-0 మందం పాలీడయాక్సనోన్ దారంతో, 2 మిల్లీమీటర్ల ఎడంలో. లోపలి వరుసలో శ్లేష్మపొరతో పాటు దాని కింది పొర తప్పక సూదికి రావాలి. కుట్టును పట్టి నిలిపేది ఆ పొరే. ముడులు లోపలివైపు వేయండి. బయటి వరుస కండరానికి.

పేగులు కుట్టి అలవాటైన చేయి ఇక్కడే పొరబడుతుంది. పేగును బయటినుంచి కప్పే నున్నటి సీరోసా పొర అన్నవాహికకు లేదు. పైగా మింగిన ప్రతిసారీ కుట్టు కదులుతుంది. అందుకే అతుకు. పక్కనే ఉన్న స్టెర్నోథైరాయిడ్ కండరాన్ని ఒక అంచున విడదీసి, రక్తనాళాలున్న వైపు ముట్టుకోకుండా, తడిగుడ్డ పరిచినట్టు కుట్ల మీద పరవండి. చుట్టూ కొన్ని కుట్లు చాలు. బిగుతుగా ఉంటే లాగకండి, ఇంకొంచెం విడదీయండి. కుట్టు దగ్గరికి రక్తం తెచ్చేది ఈ కండరమే, లాగితే ఆ రక్తమే ఆగిపోతుంది.

చిల్లు ఛాతీలో అయితే అతుకుకు పక్కటెముకల మధ్య కండరం, విభాజక పటలం, గుండెపొర వాడతారు. కృత్రిమశ్వాస ఏర్పాటు లేకుండా ఛాతీ తెరవకండి, పెద్దాసుపత్రికి పంపండి.

మత్తులో ఉండగానే కడుపుకు ట్యూబు అమర్చి, వారం పాటు ఆహారం అందులోంచే ఇవ్వండి. ఈలోగా మెడ ఉబ్బినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎక్స్‌రే తీయండి.