ఆప్రవాసీ ఘాట్ రివ్యూ: మారిషస్ వెళ్తే అరగంట ఫొటో స్టాప్‌తో సరిపెట్టకండి!

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ మారిషస్ ట్రిప్‌లో ఫ్లైటూ హోటలూ ఒక ట్రావెల్ కంపెనీ వాళ్లు ఇచ్చారు, అంటే ఇది పెయిడ్ వీడియోనే. బీచ్‌లు, రిసార్ట్, రూమ్ టూర్ అన్నీ పోయిన వీడియోలో అయిపోయాయి. ఒకప్పుడు మన దేశం నుంచి వెళ్లిన కూలీలు ఓడ దిగిన ఈ ఆప్రవాసీ ఘాట్‌కి ఎలా వెళ్లాలి, ఎప్పుడు తెరుస్తారు అనేవి మీరు వేరే చోట చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోవట్లేదు. నా బాధంతా ఒక్కటే. మాకిచ్చిన ప్లాన్‌లో ఈ చోటుకి పెట్టింది అరగంట! రాజధాని పోర్ట్ లూయీలో మార్కెట్‌కీ, కోడాన్ వాటర్‌ఫ్రంట్‌లో షాపింగ్‌కీ మధ్యలో ఫొటో స్టాప్ అట. నాకు చాలా కోపం వచ్చింది. ప్లాన్ ఇచ్చిన వాళ్లకీ ఇదే మాట చెప్పాను.

అసలు ఇది ఏ చోటనుకుంటున్నారు? బ్రిటిష్ వాళ్లు బానిసత్వం రద్దు చేస్తూ చట్టం తెచ్చాక చెరకు తోటలకి మనుషులు కావాల్సి వచ్చింది. అప్పుడు మన దేశం నుంచి అగ్రిమెంటు మీద కూలీల్ని తెప్పించే పద్ధతిని ముందుగా ఈ దీవిలోనే పెట్టి చూశారు, ఇక్కడ నడిచిందని తర్వాత గయానా, ట్రినిడాడ్, దక్షిణాఫ్రికా, ఫిజీ దాకా పాకించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు, మగవాళ్లకి నెలకి 5 రూపాయల జీతం, 5 ఏళ్ల అగ్రిమెంటు. అలా మొదలై 1920 దాకా వచ్చిన వాళ్లు సుమారు 4,62,000 మంది. వాళ్లని దించుకోడానికి 1849లో కట్టడం మొదలుపెట్టిన ఇమిగ్రేషన్ డిపో ఇదే. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదిగో, ఈ మెట్లు చూడండి, కెమెరా కొంచెం కిందకి దించుతున్నా. మొత్తం 16. నల్లటి అగ్నిపర్వతం రాయి, చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది. మీరు పైనుంచి చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఇవి మామూలు మెట్లలాగే ఉంటాయి. కింద నిలబడి పైకి చూడండి. వారాల తరబడి ఓడలో ఊగి ఊగి, కాళ్లలో సత్తువ లేక, చంకలో పిల్లని పెట్టుకుని ఎక్కిన మనిషికి పైన ఏముందో కనపడదు. ఎక్కాక పేరు రాయించుకోవాలి, డాక్టరు చూడాలి, షెడ్డులో రెండు రోజులు ఉండాలి, ఆ తర్వాత ఏ తోటకి పొమ్మంటే ఆ తోటకి. వంటిల్లు, మరుగుదొడ్లు, ఆసుపత్రి, గేటు కాపలా వాళ్ల గది, వీటి గోడలు, పునాదులు ఇంకా కనపడతాయి. చాలా భాగం తర్వాత రోడ్డు వేయడంలో పోయింది. నేను ఈ మెట్ల దగ్గరే కూర్చుండిపోయాను, మా బస్సు డ్రైవర్ వచ్చి పిలిచేదాకా లేవలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మాది కాకినాడ వైపు. కోరంగి అంటే మనకిప్పుడు మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు, ఆ వీడియో మన చానెల్లో మీలో చాలామంది చూశారు కూడా. ఆ కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడలో తెలుగువాళ్లు అక్కడినుంచే మారిషస్ వచ్చారు, అందుకే ఈ దీవిలో తెలుగువాళ్లని చాలాకాలం కోరంగీలనే పిలిచేవారు! మా ఊరి పక్క రేవు పేరు హిందూ మహాసముద్రం అవతల ఒక జనానికే పేరైందంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇవాళ ఇక్కడ ఉగాదికి దేశమంతా సెలవు, బడుల్లో తెలుగు చెప్తారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. మన ప్యాకేజీ టూర్లలో ఈ ముక్క ఒక్కరైనా చెప్తారా?

న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్ కూడా ఇంతకుముందు చూపించాను కదా. 1892 నుంచి 1954 దాకా కోటి 20 లక్షల మంది వచ్చిన చోటు, ఆ పెద్ద హాలు చూస్తేనే తల పైకెత్తి నిలబడిపోతాం, అందులో సందేహం లేదు. కానీ అక్కడ నాకు బాగా నచ్చింది హాలు కాదు, వచ్చినవాళ్లు అక్కడికక్కడే కంప్యూటర్లో తమ తాతల పేరు వెతుక్కోవడం. ఇక్కడ నాకు లోటనిపించింది అదే. వచ్చిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఊరు రాసిన రిజిస్టర్లు ఉన్నాయి, 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. కానీ అసలు రికార్డులు మోకా ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాయి. మెట్లు ఒకచోట, మెట్లెక్కిన వాళ్ల పేర్లు ఇంకోచోట. వాటిని జాగ్రత్తగా దాచాలి, అది నాకు తెలుసు, అయినా ఈ మెట్ల పక్కనే ఆ పేర్లు చదువుకోగలిగితే ఎంత బాగుండేది!

పక్కనే మారిషస్ జర్నలిస్టు బిక్రమ్‌సింగ్ రామ్‌లాల్లా పేరుతో 2014లో తెరిచిన మ్యూజియం ఉంది. అది వదలకండి. కూలీల ఫొటోల దగ్గర ఆగి ఆ ముఖాలు చూడండి, కెమెరా వైపు సూటిగా చూస్తుంటారు, ఒక్కరి ముఖంలోనూ నవ్వుండదు.

ఇక నా మాట. స్టార్లు, మార్కులు ఇవ్వను, నాకు ట్రిప్ మొత్తంలో నచ్చిన చోటు ఇదే. ఒక బీచ్ తగ్గించుకోండి. పొద్దున్నే ఇక్కడికొచ్చి, మధ్యాహ్నం మోకా వెళ్లేలా ప్లాన్ మార్చమని బుకింగ్ అప్పుడే గట్టిగా అడగండి, రికార్డులు చూడాలంటే ముందే ఫోన్ చేసుకోండి. నవంబరు 2 దగ్గర్లో వెళ్తున్న వాళ్లయితే ఆ రోజు కలిసొచ్చేలా చూసుకోండి, ఆ రోజు అక్కడ సెలవు, ఈ మెట్ల మీద పూలు పెడతారు. మీ ఇళ్లలో ఎవరైనా మారిషస్ వెళ్లారని పెద్దవాళ్లు చెప్పుకునే మాటలుంటే కామెంట్లో ఊరి పేరుతో సహా రాయండి, ఈసారి మోకాలో రికార్డుల మీదే పూర్తి వీడియో చేస్తాను.