బేస్ ప్లాస్టిక్ డ్రైవర్లు మన నేల మీద ఎలా అరుగుతాయి, అరిగాక ఎలా ఎగురుతాయి

(నల్లగొండలో వ్యాయామ విద్య అధ్యాపకులు, కళాశాల క్రీడాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచీ, పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచీ వచ్చిన అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు కృతజ్ఞతలు. డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటో మీలో ఎక్కువమందికి తెలుసు కనుక ఆట పరిచయాన్ని రెండు మాటల్లో ముగిస్తాను. గోల్ఫ్ బంతికి బదులు డిస్కు, నేలలోని గుంతకు బదులు గొలుసులు వేలాడే బుట్ట. వీలైనంత తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేయాలి. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఓక్ గ్రోవ్ పార్కులో దీనికి తొలి శాశ్వత మైదానం ఏర్పడింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ మరుసటి ఏడే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా మలిచి ఈగిల్ అనే డిస్కును తయారుచేశాడు. ఈనాడు మనం డ్రైవర్లు అని పిలిచే దూరపు విసురు డిస్కులన్నీ ఆ ఏటవాలు అంచు నుంచి వచ్చినవే.

ఈ రోజు నా విషయం ఆ అంచే. అది చవక ప్లాస్టిక్‌తో చేసినదైతే ఎంత త్వరగా అరుగుతుంది, అరిగిన కొద్దీ డిస్కు నడక ఎలా మారుతుంది, ఎర్ర చెలకలూ రాతి గుట్టలూ ఉన్న మన ప్రాంతంలో ఆటగాడు తన డబ్బును ఏ డిస్కు మీద పెట్టాలి అన్నవి నేను మాట్లాడదలచిన సంగతులు. నా అభిప్రాయాన్ని ముందే చెప్తాను. చవక ప్లాస్టిక్ అరుగుతుందని దాన్ని తోసిపుచ్చడం తొందరపాటు. అయితే దాన్ని ఏ వేగపు డ్రైవర్‌లో కొనాలో తెలియకుండా కొంటే, మన బండల మీద అది కొద్ది వారాల్లోనే ఎందుకూ కొరగాకుండా పోతుంది.

తయారీదారులు ఒకే అచ్చులో రకరకాల ప్లాస్టిక్‌లను పోస్తారు. ఇన్నోవా వారి డీఎక్స్, డిస్క్‌క్రాఫ్ట్ వారి ప్రో-డీ, డైనమిక్ డిస్క్స్ వారి ప్రైమ్, లాటిట్యూడ్ 64 వారి రెట్రో అట్టడుగు ధర రకాలు. వీటినే బేస్ ప్లాస్టిక్ అంటారు. ఛాంపియన్, స్టార్ వంటి పై రకాల ధర దాదాపు రెట్టింపు ఉంటుంది. పై రకాలు సాధారణంగా పాలీయూరిథేన్ జాతికి చెందినవి. రాతికి కొట్టుకున్నా సాగి మళ్లీ తమ రూపానికి వచ్చే గుణం వాటిది. బేస్ రకాలు అలా కోలుకోవు. దెబ్బ తగిలిన చోట సొట్టపడతాయి, గీరుకుంటాయి, చిన్న పొరలుగా లేస్తాయి, ఆ గాయాన్ని అలాగే ఉంచుకుంటాయి. వాటికి ఒక సుగుణం మాత్రం నిశ్చయంగా ఉంది: చేతికి పట్టు బాగా దొరుకుతుంది. ఎండలో చెమటపట్టిన వేళ్లతో నున్నని ఛాంపియన్ డిస్కు పట్టుకుని, వెంటనే డీఎక్స్ డిస్కు పట్టుకుంటే ఆ తేడా మాటలతో చెప్పవలసిన పని ఉండదు. కొత్తగా విసరడం నేర్చుకుంటున్న పిల్లల చేతికి నేను బేస్ ప్లాస్టిక్‌నే ఇమ్మంటాను. ధర ఒక కారణమే, కానీ పట్టు అంతకంటే పెద్ద కారణం.

డ్రైవర్ల మీద నాలుగు అంకెలు ముద్రిస్తారు: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఉదాహరణకు టీబర్డ్ డిస్కుకు 7, 5, 0, 2. లెపర్డ్‌కు 6, 5, -2, 1. వాల్కిరీకి 9, 4, -2, 2. రేత్‌కు 11, 5, -1, 3. మొదటి అంకె ఆ డిస్కు తన రూపానికి తగ్గట్టు ఎగరడానికి ఎంత వేగం కావాలో చెప్తుంది. రెండోది గాలిలో ఎంతసేపు తేలుతుందో చెప్తుంది. కుడిచేతి వాటం ఆటగాడు బ్యాక్‌హ్యాండ్‌గా విసిరినప్పుడు వేగంగా ఉన్న తొలి దశలో డిస్కు కుడికి ఎంత ఒరుగుతుందో మూడో అంకె (దాని ముందున్న మైనస్ గుర్తు కుడి ఒరుగుకు సంకేతం), వేగం తగ్గిన చివరి దశలో ఎడమకు ఎంత కుంగుతుందో నాలుగో అంకె తెలుపుతాయి. ఎడమకు పట్టుబట్టి వాలేదాన్ని ఓవర్‌స్టేబుల్ అనీ, కుడికి సులభంగా తిరిగేదాన్ని అండర్‌స్టేబుల్ అనీ ఆటగాళ్లు పిలుస్తారు. ఈ అంకెలు కొత్త డిస్కువి. బేస్ ప్లాస్టిక్ డిస్కు మన నేల మీద కొన్నాళ్లు దొర్లాక దాని మీది అంకెలకూ దాని నడకకూ సంబంధం పలచబడుతుంది.

అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే డిస్కు ఎగిరే తీరును కొంచెం నిదానంగా చూడాలి. ఎగిరే డిస్కును గాలి పైకెత్తుతుంది, కానీ ఆ ఎత్తే బలం సరిగ్గా మధ్యబిందువు దగ్గర పనిచేయదు. విసురు వేగంగా ఉన్నప్పుడు అది మధ్యకు కాస్త వెనకగా ఉండి డిస్కు ముక్కును కిందకు వంచజూస్తుంది. వేగం తగ్గాక ముందుకు జరిగి ముక్కును పైకి లేపజూస్తుంది. గిరగిర తిరిగే వస్తువును ఒక వైపు వంచబోతే అది ఆ వైపు వంగక పక్కకు ఒరుగుతుంది. బొంగరం ఆడిన వారందరికీ ఇది తెలిసిన సంగతే. పైనుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతున్న డిస్కుకు ముక్కును కిందకు వంచే బలం కుడివైపు ఒరుగుగా, ముక్కును పైకి లేపే బలం ఎడమవైపు ఒరుగుగా మారుతుంది. మనం టర్న్, ఫేడ్ అని పిలిచేవి ఈ రెండే. గిరగిర తిరగడం తగ్గితే ఈ రెండూ పెరుగుతాయి. అందుకే మణికట్టు వాడకుండా భుజంతో తోసే వారి చేతిలో ఏ డిస్కూ నిలకడగా పోదు.

ఈ సమతూకాన్ని నిర్ణయించేది అంచు ఆకారం. అంచు మొనలో పై భాగం, కింది భాగం కలిసే గీతను పార్టింగ్ లైన్ అంటారు. ఆ గీత నేల నుంచి ఎత్తులో ఉంటే డిస్కు ఓవర్‌స్టేబుల్‌గా, కిందికి ఉంటే అండర్‌స్టేబుల్‌గా నడుస్తుందన్నది తయారీదారులకూ ఆటగాళ్లకూ ఒకేలా అనుభవంలో ఉన్న విషయం. మెత్తని ప్లాస్టిక్ అంచు చెట్టు మొదలుకో బండకో తగిలిన ప్రతిసారీ మొన మొద్దుబారుతుంది, కొద్దికొద్దిగా కిందికి నొక్కుకుపోతుంది. ఒక్క దెబ్బతో కంటికి కనిపించేంత మార్పు రాదు. దెబ్బలు కూడినప్పుడు ముక్కును కిందకు వంచే బలానిది పైచేయి అవుతుంది, టర్న్ పెరుగుతుంది. ముందు మారేది వేగపు దశలోని నిలకడే. చివరి ఫేడ్ ఇంకొంతకాలం అంటిపెట్టుకుని ఉండి, ఆ తర్వాత అది కూడా తగ్గుతుంది. అందుకని కొంత అరిగిన టీబర్డ్ విసిరితే మొదట కొద్దిగా కుడికి జరిగి, చివర్లో ఎడమకు తిరిగి, మొత్తం మీద దాదాపు తిన్నగా పోయినట్టుంటుంది. నా దృష్టిలో చవక ప్లాస్టిక్ డ్రైవర్ బతుకులో ఇదే ఉత్తమ దశ. కొత్త ఛాంపియన్ డిస్కు ఇలాంటి నడక ఇవ్వాలంటే చాలాకాలం ఆడాలి. డీఎక్స్ దాన్ని త్వరగా ఇస్తుంది.

ఇక మన నేల సంగతి. నల్లగొండ జిల్లాలో, పాలమూరు ఉత్తర భాగాల్లో కనిపించేది గ్రానైట్ జాతి రాయి, అది విరిగి ఏర్పడిన ఎర్ర చెలక. ఈ మట్టిలోని ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్. కాఠిన్యపు కొలమానంలో దాని స్థానం 7, అంటే మామూలు ఇనుప కత్తి మొన కన్నా గట్టిది. మెత్తని ప్లాస్టిక్ దాని ముందు నిలవదు. పరుపుబండ మీద డిస్కు జారితే అడుగు భాగం గీసుకుపోతుంది, అది నడకను పెద్దగా మార్చదు. గుండుకు ముక్కు ఎదురుగా తగిలితే మాత్రం అంచులో కోత పడి, పక్కన పొర లేస్తుంది. ఆ పొరే వేలును కోస్తుంది, గాలిని కూడా చెదరగొడుతుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో పరిస్థితి వేరు. వానాకాలంలో డిస్కు బురదలో కూరుకుపోతుంది కానీ అంచుకు దెబ్బ తగలదు. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి, గడ్డలు రాళ్లలా గట్టిపడతాయి. కోత అయిపోయిన వరిమడిలో ఆడితే బేస్ ప్లాస్టిక్ ఏడాదికి పైగా కూడా బాగా ఉంటుంది. సర్కారు తుమ్మ పొదలున్న చోట అరుగుదల కంటే డిస్కును వెతుక్కోవడమే పెద్ద పని, ముళ్ల మాట సరేసరి.

ఇక్కడే స్పీడ్ అంకె ముఖ్యమవుతుంది. వేగపు డ్రైవర్లలో అంచు వెడల్పుగా ఉండి మొన పలచబడుతుంది. నియమాల ప్రకారం అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు మించకూడదు, వ్యాసం 21 సెంటీమీటర్ల కంటే తగ్గకూడదు, బరువు ప్రతి సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములు దాటకూడదు. అందుకే 21.1 సెంటీమీటర్ల డ్రైవర్ 175 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఆ హద్దుల్లో స్పీడ్ 11, 12, 13 దగ్గర మొన ఎంత సన్నబడుతుందో ఊహించండి. ఆ మొనను మెత్తని ప్లాస్టిక్‌తో చేసి, బలంగా విసిరి, గుండుకు తగలనిస్తే మొదట పోయేది దాని వేగమే. ఆ వేగం కోసమే కదా దాన్ని కొన్నది! స్పీడ్ 6, 7 డ్రైవర్ల మొన మందంగా ఉంటుంది కనుక అవి అదే దెబ్బను తట్టుకుని, పాడవకుండా క్రమంగా మారతాయి. కాబట్టి లెపర్డ్, టీబర్డ్ వంటి ఫెయిర్‌వే డ్రైవర్లను బేస్ ప్లాస్టిక్‌లో నిస్సందేహంగా కొనమంటాను. వాల్కిరీ సరిహద్దులో ఉంది. 2002లో క్రిస్టియన్ శాండ్‌స్ట్రోమ్ 250 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పింది వాల్కిరీతోనే, కాబట్టి స్పీడ్ 9 మనకు చాలదన్న బెంగ అక్కర్లేదు. రేత్, అంతకుపై వాటికి మాత్రం మన రాతి నేలలో పై రకం ప్లాస్టిక్ తప్పదు. నిజానికి కొత్త ఆటగాడి చేతిలో అంత వేగం పుట్టదు కాబట్టి, ఆ డిస్కు వేగంలో ఉండవలసిన దశ రాకుండానే ఎడమకు వాలి పడిపోతుంది. డబ్బు మిగలాలంటే మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే మేలు.

గాలి, ఎండల ప్రభావాన్ని కూడా అరుగుదలతో కలిపి చూడాలి. ఎదురుగాలిలో డిస్కుకు తగిలే గాలి వేగం పెరుగుతుంది కనుక టర్న్ ఇంకా ఎక్కువవుతుంది. ఆషాఢంలో పడమటి గాలి వీచే రోజున అరిగిన లెపర్డ్‌ను పడమరకు విసిరితే అది కుడికి బోర్లాపడి నేల మీద చక్రంలా దొర్లిపోతుంది. అదే డిస్కును గాలి వాలున తూర్పుకు విసిరితే తేలుతూ పోతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత, చలికాలపు తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో ఉండేదాని కంటే సుమారు పదో వంతు తక్కువ. గాలి పలచబడితే డిస్కు కొంచెం ఓవర్‌స్టేబుల్‌గా నడుస్తుంది. పైగా పాలమూరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి ఒకే అరిగిన డిస్కు చలికాలపు ఉదయం ఒక తీరుగా, ఎండాకాలపు సాయంత్రం మరో తీరుగా పోవడంలో డిస్కు తప్పేమీ లేదు. వేడికి బేస్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది కూడా. ఎండలో నిలిపిన మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. అక్కడ ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడేసిన డిస్కులు వంకరపోతాయి. అలా వంకరపోయిన దాన్ని వేడినీళ్లలో ముంచి మెత్తబడనిచ్చి, చదును బండ మీద బోర్లించి పైన బరువు పెట్టి చల్లారనిస్తే చాలావరకు సరిపడుతుంది. ఎండ తగిలే మిద్దె మీద నిల్వచేయడం మాత్రం మానండి, ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

కళాశాల జట్టుకు డిస్కులు కొనే అధ్యాపకులకు ఒక పద్ధతి సూచిస్తాను. ఒకే అచ్చు, ఒకే బరువు ఉన్న బేస్ ప్లాస్టిక్ ఫెయిర్‌వే డ్రైవర్లు మూడు తీసుకోండి. మూడింటినీ ఒకేసారి వాడకండి. ఒకదాన్ని రోజూ ఆడించండి, రెండోదాన్ని అప్పుడప్పుడు, మూడోదాన్ని ఎదురుగాలి రోజుల్లోనే బయటికి తీయండి. కొన్ని నెలలకు ఎడమకు వాలేది ఒకటి, తిన్నగా పోయేది ఒకటి, కుడికి తిరిగేది ఒకటి, మూడు నడకల డిస్కులు చేతికి వస్తాయి. మూడింటికీ పట్టు ఒకటే కనుక విద్యార్థి చేయి ప్రతిసారీ కొత్త ఆకారానికి అలవాటు పడనక్కరలేదు. ప్రపంచస్థాయి ఆటగాళ్లలోనూ ఈ ఆచారం చాలాకాలంగా ఉంది. ప్రతి డిస్కు మీద గుర్తు, కొన్న నెల చెరగని సిరాతో రాయండి; పోటీల్లో గుర్తు తప్పనిసరి కూడా. నెలకోసారి గాలి లేని ఉదయం మూడింటినీ ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా విసిరి ఎక్కడ పడ్డాయో పుస్తకంలో రాయించండి. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు అది మంచి ప్రయోగం కూడా అవుతుంది.

చివరగా మరమ్మతు. అంచు మీద లేచిన పొరలను సన్నని గరుకు కాగితంతో సున్నితంగా సరిచేయడానికి నియమాలు అనుమతిస్తాయి. ఆటలో సహజంగా వచ్చిన అరుగుదలకూ అభ్యంతరం లేదు. కావాలని అంచును చెక్కి నడక మార్చడం, బరువు కలపడం నిషిద్ధం. పగులు లేదా రంధ్రం పడిన డిస్కు పోటీకి పనికిరాదు. అందుచేత పోటీకి ముందు ప్రతి డిస్కునూ వెలుతురుకు ఎదురుగా పట్టి, అంచూ పలకా కలిసే మూలను వేలితో తడిమి చూడండి. బేస్ ప్లాస్టిక్‌లో పగులు అక్కడ మొదలైతే పైనుంచి చూస్తే గీతలాగే కనిపిస్తుంది, కొద్దిగా వంచితే నోరు తెరుస్తుంది. అలాంటిది దొరికితే దాని మీద పెద్ద అడ్డగీత గీసి, నేలబారుగా దొర్లించే విసురు నేర్పడానికి పాఠశాల పిల్లలకు ఇవ్వండి. ఆ అభ్యాసానికి అది ఇంకా చాలాకాలం పనికొస్తుంది.