ఇంకా జరుగుతూనే ఉందా?

విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

శుక్రవారం సాయంత్రం తిరుపతి బస్‌స్టాండులో పలమనేరు, పీలేరు, మదనపల్లె బస్సుల కోసం హాస్టల్ పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. ఆ గుంపులో ఎప్పుడూ కనిపించని అమ్మాయి ఒకతె నా తరగతిలో ఉండేది. చదువు మీద శ్రద్ధతో ఊరికి పోవడం లేదనుకున్నాను. మార్కులు తగ్గాయని ఒకరోజు పిలిచాను. మాట్లాడుతున్నంతసేపూ ఫోను బోర్లించి గుప్పిట్లో పట్టుకునే ఉంది. అది మోగగానే ఉలిక్కిపడింది. నాన్న తాగి వచ్చి అమ్మను కొడుతున్నాడన్న కబురేమోనని ఆమె భయం. "జరిగిందేదో జరిగింది, మరచిపోయి చదువుకో తల్లీ" అన్నాను. ఆ మాటకు ఈనాటికీ బాధపడుతున్నాను. జరిగిపోతే కదా మరచిపోవడానికి!

పీటీఎస్‌డీ (ఆఘాతం తరువాతి ఒత్తిడి రుగ్మత) అనే పేరు 1980లో మనోవైద్యుల గ్రంథంలోకి ఎక్కింది. ముగిసిన ఘోరం మనసును వదలకపోవడం అది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రోజుల్లో మనస్తత్వవేత్త గిల్ స్ట్రేకర్, ఆమె సహచరులు కలిసిన యువకులకు ఆ పేరు అతకలేదు. వాళ్ల ఘోరం ముగియలేదు, రేపు మళ్లీ రావచ్చు. 1987లో వాళ్లు దీన్ని 'నిరంతర ఆఘాత ఒత్తిడి' అన్నారు. ఇక్కడ భయం భ్రమ కాదు, ఎదుట ఉన్న ప్రమాదానికి తగిన జాగ్రత్తే. అయితే ఒళ్లు ఎన్నాళ్లని కాపలా కాస్తుంది? నిద్ర పట్టదు, ఆకలి పోతుంది, ఇష్టమైన పనీ రుచించదు. రోజంతా ఇదే స్థితి రెండు వారాలు సాగితే కుంగుబాటేమోనని చూడాలి. మనం బద్ధకం అనేస్తాం.

కష్టంలో ఆదుకునేవాళ్లున్నారన్న నమ్మకం ఒత్తిడి దెబ్బను తగ్గిస్తుందని మనస్తత్వవేత్తలు షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లో రాశారు. నిజమే. కానీ దెబ్బలు పడుతున్న ఇంటికి ఓదార్పు ఒక్కటే చాలదు, ముందు భద్రత కావాలి. మహిళలకు 181 సహాయ నంబరు ఉంది. మనసు కుంగినప్పుడు 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నాకు తోచనిది ఆమె గదిలో ఉండే అమ్మాయికి తోచింది. శనివారాల్లో శ్రీకాళహస్తిలోని తన ఇంటికి తీసుకుపోయేది. కారణం అడగకుండా ఆ ఇంటి తల్లి ఇంకో కంచం పెట్టేది. రెండు నెలల తరువాత నా విద్యార్థినే నా గది గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. "ఇంకా జరుగుతూనే ఉందా అమ్మా?" అని అడిగాను. తల ఊపింది. ఇద్దరం కూర్చుని 181కి ఫోను చేశాం.